పిన్ని పాట డాలస్ వెళ్ళింది

పోయినవారం మాగాయ సంగతి రాస్తానని మాట ఇచ్చాను. దాన్ని వచ్చేవారానికి వాయిదా వేస్తున్నాను, క్షమించాలి. ఊరగాయకు తొందరేముంది, జాడీలో ఊరుతూ ఉంటుంది. ఈలోగా మా ఇంట్లో జరిగిన ఒక పాట గొడవ మీతో చెప్పకపోతే నాకు తోచేట్టు లేదు. పైగా ఈమధ్య ఏ ఇంట్లో చూసినా ఒక మైకూ, ఒక కంప్యూటరూ పెట్టుకుని పాటలు రికార్డు చేసే పిల్లలు బయలుదేరారు కదా! వాళ్ళకూ, వాళ్ళ తల్లులకూ ఇందులో పనికివచ్చే ముక్క ఒకటి రెండు ఉండకపోవు.

మా పిన్నికి డెబ్బయి ఆరేళ్ళు. తెనాలిలో ఉంటుంది. ఒక్కడే కొడుకు, డాలస్‌లో ఉంటాడు. వాడి కూతురికి మొన్న వైశాఖంలో ముహూర్తం కుదిరింది. పెళ్ళి అక్కడే. పిన్ని మోకాళ్ళు అంత ప్రయాణానికి ఆగవని డాక్టరు తేల్చి చెప్పేశాడు. మా వైపు ఏ ఇంట పెళ్ళి జరిగినా చివర మంగళహారతి పిన్నిదే. వాళ్ళ అమ్మ, అంటే మా అమ్మమ్మ, నేర్పిన పాట అది. శంకరాభరణం పోలికలో ఉంటుంది. నా పెళ్ళిలోనూ అదే పాడింది. అందుకని, "నేను వెళ్ళకపోతే పోయెగాని, హారతి ఎవరు పాడతారే?" అన్నదే ఆవిడ దిగులు. అది విని మనవరాలు ఫోనులో, "నాయనమ్మా, నువ్వు రాలేకపోతే నీ గొంతు పంపించు" అన్నది. పిన్ని కళ్ళు తుడుచుకుని సరేనన్నది.

గుంటూరులో మా తమ్ముడి కొడుకు ఉన్నాడు. ఇంజనీరింగు చదివాడు, ఉద్యోగం చేస్తున్నాడు, మిగతా వేళంతా తన గదిలో పాటలు రికార్డు చేస్తూ ఉంటాడు. పిన్నిని కారులో వాడి దగ్గరికి తీసుకెళ్ళాం. గది చూసి ఆవిడ హడలిపోయింది. గోడలకు రజాయిలు వేలాడదీశాడు. బీరువా తలుపులు బార్లా తీసి, చీరలూ దుప్పట్లూ కనిపించేట్టు ఉంచాడు. అలా బట్టలుంటే గొంతు గోడలకు కొట్టుకుని మోగదట. ఫాను ఆపేశాడు. కుక్కరు పెట్టవద్దని వాళ్ళమ్మకు ఆజ్ఞ. ఆ ఎండల్లో ఫాను లేకుండా కూర్చోవడమంటే ఏమిటో గుంటూరువాళ్ళకు నేను చెప్పనక్కర్లేదు. మొదటిసారి పల్లవి అందుకునేసరికి వీధిలో పాత ఇనుప సామాన్లు కొంటామంటూ మైకుబండి వచ్చింది. రెండోసారి కాకి. మూడోసారి కుదిరింది.

ఒక్క చిక్కు వచ్చింది. చెవులకు హెడ్‌ఫోను పెట్టుకుని, అందులో తంబురా వింటూ పాడమన్నాడు కుర్రాడు. పిన్ని ససేమిరా అన్నది. "చెవిలో ఎవరో గొణుగుతుంటే పాట ఎలా వస్తుందిరా?" అని, ఉత్త గొంతుతోనే పాడేసింది. పల్లవి, మూడు చరణాలు, నాలుగు నిమిషాల పాట.

ఇంక కంప్యూటరు ముందు కూర్చున్నాం. తెర మీద పాట బొమ్మగా కనిపించింది. చెప్పొద్దూ, నాకు మహా సరదా వేసింది. ఒక్కొక్క స్వరం ఒక్కొక్క ముద్దలాగా, దుప్పటి మీద ఎండబెట్టిన వడియాల వరసలా ఉంది. గీత మీద ఉన్న వడియం శ్రుతిలో ఉన్నట్టు. గీతకు కిందో మీదో ఉంటే తప్పినట్టు. మా వాడు వేలితో దాన్ని పైకి జరిపితే, పిన్ని గొంతే, అదే మాటే, కొంచెం పై స్వరంలో పలికింది! మా చిన్నతనంలో గ్రామఫోను పళ్ళెం వేగం పెంచితే స్వరం పెరిగేది నిజమే, కాని దాంతోపాటు పాటా పరుగెత్తేది, పాడే పెద్దమనిషి చంటిపిల్లవాడయ్యేవాడు. ఇప్పుడు కాలం కదలకుండా, గొంతు ఛాయ మారకుండా స్వరం ఒక్కటే కదులుతోంది.

ఈ విద్య పుట్టిన కథ తమాషాగా ఉంటుంది. అమెరికాలో ఆండీ హిల్డెబ్రాండ్ అనే ఆయన భూమిలో చమురు ఎక్కడుందో లెక్కగట్టే పని చేసేవాడు. నేల మీద ప్రకంపనలు పుట్టించి, లోపలి పొరలకు తగిలి తిరిగివచ్చే ప్రతిధ్వనులను గణితంతో చదవడమన్నమాట. ఒకనాడు భోజనాల దగ్గర ఒకావిడ, "నా చేత శ్రుతిలో పాడించే పెట్టె ఒకటి చేసిపెట్టరాదూ?" అని హాస్యమాడిందట. ప్రతిధ్వనులను చదివిన గణితమే గొంతును చదవడానికీ పనికివచ్చింది. 1997లో 'ఆటో-ట్యూన్' బయటికి వచ్చింది. మరుసటేడే, 1998లో, షేర్ అనే గాయని 'బిలీవ్' పాటలో దాన్ని దాచకుండా, గొంతు మరబొమ్మలా పలికేట్టు వాడి లోకమంతా వినిపించింది. తరువాత 2001లో జర్మనీలోని మ్యూనిక్ నుంచి పీటర్ నాయ్‌బెకర్ అనే ఆయన 'మెలోడైన్' తెచ్చాడు. నేను చూసిన వడియాల బొమ్మ దానిదే. చమురు వెతికే లెక్క ఎక్కడ, తెనాలి పిన్ని హారతి ఎక్కడ!

మా వాడు ఏం చేశాడంటే, అన్ని వడియాలనూ ఒక్కసారిగా ఎంచి, అన్నిటినీ గీతల మీదికి తోసేశాడు. వంకర తిరిగినవాటిని ఇస్త్రీ చేశాడు. పావుగంటలో పని అయిపోయింది. పిన్నికి వినిపించాడు.

ఆవిడ చాలాసేపు విన్నది. "ఎవర్రా ఈ అమ్మాయి? బాగానే పాడుతోందే" అన్నది. అందరం నవ్వాం. ఆవిడ కూడా నవ్వింది. దారిలో మాత్రం తెనాలి వచ్చేదాకా మాట్లాడలేదు.

ఆ రాత్రే కుర్రాడు ఆ పాట తాలూకు ఫైళ్ళన్నీ మూటగట్టి డాలస్ పంపేశాడు. అక్కడ మా తమ్ముడు తన కారు షెడ్డులో పెట్టుకున్న సరంజామాతో దానికి తంబురా, తన స్నేహితుడి చేత వయొలినూ చేర్చాలని ఏర్పాటు. మూడోరోజు తెల్లవారుజామున అయిదింటికి నాకు ఫోను. ఆ వేళప్పుడు అమెరికా ఫోను వస్తే గుండె ఎలా జారుతుందో, పిల్లల్ని దూరదేశాలు పంపినవాళ్ళకు తెలుసు.

"అక్కా, అమ్మ పాట విన్నాను" అన్నాడు. అని ఇక మాట రాలేదు వాడికి. కాసేపటికి, "మూడో చరణంలో ఊపిరి అందక ఆగింది చూశావూ, నాన్న పోయాక అమ్మ పాడటం ఇదే నేను వినడం" అన్నాడు.

నాకేమీ అర్థం కాలేదు. మా వాడు ఆ ఆయాసాలన్నీ ఇస్త్రీ చేశాడు గదా! వాణ్ణి లేపి అడిగితే తల పట్టుకున్నాడు. "అత్తయ్యా, రెండర్ చెయ్యకుండా పంపేశాను!"

ఆ రెండర్ అంటే ఏమిటో మీకు దర్జీ భాషలో చెబుతాను. జాకెట్టు గుడ్డ ఇస్తే దర్జీ ముందు సుద్దతో గీతలు గీస్తాడు. ఇక్కడ మడత, ఇక్కడ కుట్టు, ఇక్కడ పావు అంగుళం లోపలికి. అవి ఆజ్ఞలే గాని జాకెట్టు కాదు. కంప్యూటరులో శ్రుతి దిద్దడమూ అంతే. రికార్డు చేసిన పాటను అది ముట్టుకోదు. 'ఈ స్వరాన్ని ఇంత పైకి జరుపు' అని పక్కన చీటీ రాసుకుంటుంది. పాట మోగించిన ప్రతిసారీ ఆ చీటీ చదువుకుని అప్పటికప్పుడు మార్చి వినిపిస్తుంది. రికార్డింగు సాఫ్టువేరూ, శ్రుతి దిద్దే సాఫ్టువేరూ ఇలా చేయి కలిపి పనిచేసేందుకు 2011లో 'ఏఆర్ఏ' అనే ఏర్పాటు ఒకటి వచ్చింది. చాలా సుఖమైన ఏర్పాటు. ఎన్నిసార్లయినా చెరిపి గీయవచ్చు. కాని ఆ గీతలు చదవగలిగే దర్జీ మన ఊళ్ళో ఉన్నంతవరకే. డాలస్‌లో మా తమ్ముడి దగ్గర ఆ సాఫ్టువేరు లేదు. వాడి కంప్యూటరు, 'ఫలానాది దొరకలేదు' అని ఒక మాట అని, చీటీని పక్కన పెట్టేసి, మైకు ముందు పిన్ని ఏం పాడిందో అదే వినిపించింది.

చీటీలోని దిద్దుబాట్లను పాటలోకి దించి, ఎవరి సాయం లేకుండా మోగే కొత్త ఫైలుగా రాయించడమే రెండర్ చేయడం. గీతలు గీసిన గుడ్డను కుట్టి ఇవ్వడమన్నమాట. దర్జీ కంటే కంప్యూటరు ఒక విషయంలో మెరుగు. మన గుడ్డను కత్తిరించదు, అలాంటిదే కొత్త గుడ్డ తెచ్చి కుడుతుంది. మనం చేజేతులా చెరిపేస్తే తప్ప అసలుది అలాగే ఉంటుంది. చోటు చాలదని అసలుది తీసేసే పిల్లలు ఉన్నారట. మా వాడు కూడా ఆ పనే చేయబోయి మరిచిపోయాడు. వాడి మరుపు మా అదృష్టం.

"అయితే దిద్దింది పంపనా బాబాయ్?" అని వీడు ఫోను చేశాడు. "వద్దురా, ఇదే బాగుంది" అన్నాడు డాలస్ వాడు. రెండు రోజులు పోయాక వాడే మళ్ళీ ఫోను చేశాడు, గొంతు తగ్గించి. తంబురా కలిపితే మూడో చరణానికి వచ్చేసరికి ఒకటే రొద, వయొలిన్ స్నేహితుడు విల్లు కింద పెట్టేశాడు. తోడు లేకుండా పాడినవాళ్ళ శ్రుతి నెమ్మదిగా జారుతుంది. పిన్నిదీ జారింది. ఒక స్వరస్థానానికీ దాని పక్క స్వరస్థానానికీ మధ్య దూరాన్ని 100 భాగాలు చేస్తే ఒక్కో భాగాన్ని సెంటు అంటారు. మొదటి చరణానికీ మూడో చరణానికీ మధ్య పిన్ని షడ్జం 25 సెంట్లు దిగింది. ఉత్త గొంతుగా వింటే ఎవరికీ తెలియదు. తంబురా పక్కన పెడితే చెప్పులో రాయి లాంటిదే.

అంటే దిద్దక తప్పదు. దిద్దితే పిన్ని పోతుంది. పెళ్ళికి తొమ్మిది రోజులుంది.

ఇంట్లో పెద్ద చర్చే జరిగింది. మా తమ్ముడి భార్య, "అందరూ దిద్దుకునే పాడుతున్నారు, అందులో తప్పేముంది?" అన్నది. నేను పిన్ని దారిలో మాట్లాడకపోవడం గురించి చెప్పాను. ఎవరికీ ఏమీ తోచక, వీధి చివర ఉండే సంగీతం టీచరుగారిని పిలిచాం. ఆవిడ రెండు పాటలూ విని, దిద్దిన పాటలో ఒకచోట ఆపమన్నారు. "ఈ గాంధారం ఎవరిది?" అన్నారు.

ఆవిడ చెప్పింది మీక్కూడా చెప్పాలి. తంబురా తీగలోంచి దానంతటది పలికే అంతరగాంధారం షడ్జానికి 386 సెంట్ల ఎత్తున ఉంటుంది. హార్మోనియం మెట్టు మీద అదే గాంధారం 400. పిన్నికి ఈ లెక్కలు తెలియవు గాని, వాళ్ళ అమ్మ దగ్గర విన్న చెవి ఆవిణ్ణి తంబురా గాంధారం దగ్గరే నిలబెట్టింది. మా వాడి సాఫ్టువేరు దాన్ని తప్పనుకుని 14 సెంట్లు పైకి లాగింది. అసలు షడ్జమే తప్పు పట్టింది. పిన్ని శ్రుతి నాలుగుకూ నాలుగున్నరకూ నడుమ ఎక్కడో ఉంటే, దాన్నీ నాలుగున్నర మెట్టెక్కించింది. ఇంక గమకాల సంగతి సరేసరి. ఒక స్వరం మీంచి ఇంకోదాని మీదికి ఊగుతూ జారేదాన్ని మెట్లు మెట్లుగా నరికింది. మన పాటలో స్వరానికి ప్రాణం ఆ ఊగడంలోనే ఉందని యంత్రానికి ఎవరు చెప్పాలి? కూర్చున్న మనిషి చెప్పాలి.

ఈసారి మా వాడు పావుగంట కాదు, రెండు రాత్రులు కూర్చున్నాడు. ముందు సాఫ్టువేరులోని షడ్జాన్ని పిన్ని షడ్జానికి తెచ్చాడు. తంబురా యాప్‌లో కూడా శ్రుతిని సెంట్ల లెక్కన సవరించుకోవచ్చు, డాలస్‌లో వాళ్ళు తంబురానూ వయొలినునూ ఆవిడకే కలుపుకున్నారు. డెబ్బయి ఆరేళ్ళ మనిషి వాళ్ళ దగ్గరికి వెళ్ళడమేమిటి, వాళ్ళే రావాలి గాని! తరువాత చరణాన్ని చరణంగా, అందులోని స్వరాలన్నిటినీ కలిపి ఒకే కొలతన పైకి జరిపాడు. రెండో చరణం 12 సెంట్లు, మూడోది 25. స్వరానికీ స్వరానికీ మధ్య దూరం మారలేదు, గాంధారం గాంధారంగానే ఉంది, గమకాలు ఎక్కడివక్కడే ఉన్నాయి. ఊపిరి చాలక నిజంగా తప్పిన స్వరాలు మూడే తేలాయి. వాటి నడిమిని మాత్రం జరిపి ఊపును వదిలేశాడు. ఆయాసం శబ్దాలను ముట్టుకోలేదు. స, శ లాంటి అక్షరాల బుసకు శ్రుతి ఉండదు గనుక వాటినీ కదపలేదు.

అప్పుడు తెర ఆపేసి, చీకట్లో కూర్చుని మొదటినుంచి చివరిదాకా విన్నాం. చూస్తూ వింటే చెవి కంటి మాటే వింటుందట. ఇది వాడి మాట. చీరల దుకాణంలో లైటు సంగతి తెలిసిన నేను వెంటనే ఒప్పుకున్నాను.

ఇక రెండర్. ఇంట్లో ఈ పని చేసే పిల్లలుంటే ఇక్కడ కొంచెం శ్రద్ధగా చదివించండి. ముందు అసలు పాటకు నకలు తీసి, మోగకుండా చేసి, అట్టిపెట్టాలి. ప్రతిధ్వని, మెరుపులు వగైరా అలంకారాలన్నీ కట్టేసి, శ్రుతి దిద్దుబాటు ఒక్కటే ఫైలులోకి దిగేట్టు చూడాలి. ఉప్పూ కారం డాలస్‌లో వేసుకుంటారు. గొంతు మొదలైన చోటినుంచి కాక, పాట లెక్క సున్నా దగ్గర ఎక్కడ మొదలవుతుందో అక్కడినుంచి రెండర్ చేయాలి. అవతలివాళ్ళు ఫైలును సున్నా దగ్గర పెడితే చాలు, దేనికది సరిపోతుంది. ఒక మైకుతో తీసిన గొంతు ఒక వరుసగానే ఉండాలి, స్టీరియో చేస్తే బరువే గాని లాభం లేదు. రికార్డు చేసిన కొలతే ఉంచాలి. మా వాడిది సెకనుకు 48,000 నమూనాలు, 24 బిట్లు. అలాంటి 'వేవ్' ఫైలు నిమిషానికి 9 మెగాబైట్లు కూడా ఉండదు. ఆ కాస్త మిగుల్చుకుందామని ఎంపీ3 చేసి పంపితే గొంతు పలచబడటమే కాదు, ఫైలు మొదట్లో చిటికెడు నిశ్శబ్దం చేరి తాళం కూడా పక్కకు జరుగుతుంది.

చివర ఒక పరీక్ష చేశాడు, అది నాకు భలే నచ్చింది. చీటీ చదువుకుంటూ మోగే పాటను ఒక వరుసలో, రెండర్ చేసిన ఫైలును పక్క వరుసలో పెట్టి, ఒకదాని తరంగాన్ని తలకిందులు చేశాడు. రెండూ ఒకటే అయితే ఒకదాన్నొకటి కొట్టేసుకుని ఏమీ వినిపించకూడదు. నాలుగు నిమిషాలపాటు ఏమీ వినిపించలేదు. వీధిలో కుక్క మొరగడం తప్ప.

రెండు ఫైళ్ళు పంపాడు. ఒకదాని పేరు 'హారతి, దిద్దినది'. రెండోదాని పేరు 'హారతి, చిన్న నాయనమ్మ పాడినట్టు'. రెండోది పెళ్ళిలో వెయ్యడానికి కాదు, డాలస్ బాబాయి అడిగి తెప్పించుకున్నాడు.

పెళ్ళి అక్కడ శనివారం పగలు. మనకు రాత్రి తొమ్మిది దాటింది. తెనాలిలో పిన్ని పట్టుచీర కట్టుకుని, తలలో పూలు పెట్టుకుని ఫోను ముందు కూర్చుంది. మేమంతా చుట్టూ చేరాం. అక్కడ హారతి పళ్ళెం ఎత్తగానే తంబురా మొదలైంది, వెనక పిన్ని గొంతు. పెళ్ళికూతురు తల తిప్పి చూసింది, పాడే మనిషి పక్కనే ఉన్నట్టు. పిన్ని కదలకుండా వింటోంది. "ఇదిగో, ఇక్కడ మా అమ్మ ఇలాగే జారేది" అన్నది గాంధారం దగ్గర, ఎవరితోనో కాదు, తనలో తను.

మూడో చరణం వచ్చేసరికి ఉండలేక తనూ అందుకుంది. ఫోనులో ఒక పిన్ని, ఎదురుగా ఒక పిన్ని. కాసేపటికి ఎదురుగా ఉన్న పిన్ని శ్రుతి మెల్లగా, సన్నగా, కిందికి దిగడం మొదలుపెట్టింది. మా వాడు నా వంక చూశాడు. నేను వాడి వంక చూడలేదు.

మాగాయ వచ్చేవారం తప్పకుండా.